యాభై రెండు కోర్లట!

ఇంటెల్ నుంచి రాబోయే డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో 52 కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే 52 లెక్కల యూనిట్లు, ఉంటాయట. దాని పోటీ కంపెనీ ఏఎండీ వాళ్లది 24 దగ్గర ఆగుతుందట. ప్రాసెసర్‌ను కూర్చే సిలికాన్ ముక్క, ఒక్కో చిప్లెట్‌లో ఇన్నాళ్లూ ఉన్న 8 కోర్ల బదులు ఈసారి 12 పెడుతున్నారట. పీసీ హార్డ్‌వేర్ పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే కొంతకాలంగా ఇదే ముచ్చట.

ఈ మూడు వాక్యాల చివరా ఒక 'ట' ఉంది. కంపెనీలు సొంత నోటితో చెప్పింది ఇంతకంటే చాలా తక్కువ. నోవా లేక్ అనే కొత్త తరం 2026 చివర్లో వస్తుందని ఇంటెల్ చెప్పింది. జెన్ 6 అనే తన కొత్త కోర్ డిజైన్‌ను తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ 2 నానోమీటర్ పద్ధతిలో (ఈ అంకె తగ్గేకొద్దీ కొత్త పద్ధతి అన్నమాట) తయారు చేయిస్తున్నామని ఏఎండీ చెప్పింది, అది కూడా ముందుగా సర్వర్లకు వెళ్లే వెనిస్ చిప్ గురించి. మిగిలిందంతా లీకులు, వాటి మీద అల్లిన లెక్కలు. రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రాలున్నాయి కాబట్టి అసలు అంకె తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఎక్కడో ఇరానీ చాయ్ తాగుతూ ఉండొచ్చు. వాళ్లు ఎలాగూ నోరు విప్పరు.

ఆ అంకెలు రేపు నిజమే అయ్యాయనుకుందాం. డబ్బు దాచుకుని, ఉన్న పాత సిస్టమ్‌నే లాగిస్తూ, ఆ చిప్ కోసం ఆగినవాళ్లకు దక్కేది ఎంత? ఇరవై ఏళ్లలో ఇలాంటి ఎదురుచూపులు అరడజను దాకా నడిచాయి. వాటిని వరసపెట్టి చూస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. కోర్ల సంఖ్య పెరగడమే వార్తంతా అయినప్పుడు కొన్నవాళ్లు చాలాసార్లు నిరాశపడ్డారు. సంఖ్యతో పాటు కోర్ లోపలో, దాని పక్కనో ఇంకేదో మారినప్పుడే ఆగినందుకు ఫలితం దక్కింది.

వేడికి పుట్టిన రెండో కోర్

2004 దాకా పోటీ అంతా గిగాహెర్ట్జ్ మీదే, అంటే చిప్ గడియారం సెకనుకు ఎన్ని వందల కోట్ల టిక్కులు కొడుతుందన్న దాని మీదే. పెంటియమ్ 4 డిజైన్‌ను 10 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లగలమని ఇంటెల్ ఒకప్పుడు నమ్మింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో దాని 90 నానోమీటర్ల వెర్షన్ ప్రెస్కాట్ వచ్చింది. ట్రాన్సిస్టర్లు, అంటే చిప్‌లోని బుల్లి స్విచ్‌లు, చిన్నవయ్యాయి కాబట్టి పాతదానికంటే చల్లగా ఉండాలి. ఇంకా ఎక్కువ కాలింది. మే నెలలో దాని వారసుడు తేజస్‌ను రద్దు చేశారు. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 కూడా రాదని తేల్చేశారు. అదే నెల ఓర్లాండోలో జరిగిన గార్ట్‌నర్ సదస్సులో ఇంటెల్ సీఈఓ క్రెయిగ్ బారెట్ ఆ 4 గిగాహెర్ట్జ్ మాట తప్పినందుకు వేదిక మీదే మోకాళ్ల మీద కూర్చుని క్షమించమన్నాడు. సరదాకే చేశాడు గానీ, ఒక శకం ముగిసిందని అంతకన్నా బాగా చెప్పిన ప్రకటన ఇంకోటి లేదు.

ఏం జరిగిందంటే, ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ దానికిచ్చే వోల్టేజీ కూడా తగ్గించుకుంటూ పోతే, అదే చోటులో ఎన్ని ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టినా వేడి పెరగదని ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించింది. ముప్పై ఏళ్ల పాటు పరిశ్రమంతా ఆ సూత్రం మీదే నడిచింది. 2000ల మధ్యకొచ్చేసరికి వోల్టేజీ ఇక తగ్గనని మొరాయించింది. ఇంకా తగ్గిస్తే స్విచ్ కట్టేసినా కరెంటు కారిపోతోంది, సరిగ్గా తిరగని కుళాయిలా. ట్రాన్సిస్టర్లు మాత్రం ఎప్పటిలాగే రెట్టింపవుతున్నాయి. వాటిని వేగంగా తిప్పలేరు, ఖాళీగా ఉంచలేరు. ఇంకేం చేస్తారు? ఇంకో కోర్ పెట్టారు.

దీని వెనక లెక్క చాలా చిన్నది. చిప్ తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం, వోల్టేజీ రెండూ 20 శాతం తగ్గిస్తే 0.8ని మూడుసార్లు గుణించాలి, 0.51 వస్తుంది. అంటే కరెంటు ఖర్చు దాదాపు సగానికి పడిపోయింది. ఆ మిగిలిన సగంతో అలాంటి కోర్‌నే ఇంకోటి నడపొచ్చు. ఒక కోర్ ఖర్చుకే 1.6 కోర్ల పని. మల్టీకోర్ గురించి కంపెనీలు చెప్పే కబుర్లన్నిటికీ మూలం ఈ 1.6. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతు ఒకటే. పని రెండుగా చీలాలి.

2005 మే చివర్లో వారం తిరక్కముందే ఇంటెల్ పెంటియమ్ డీ, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 రెండూ బజారుకొచ్చాయి. రెండిట్లోనూ రెండేసి కోర్లే. కానీ పెంటియమ్ డీలో ఒక కోర్ రెండోదానితో మాట్లాడాలంటే చిప్ దాటి బయటి బస్ (డేటా దారి) మీదికి రావాలి. పక్క గదిలో ఉన్న తమ్ముడికి ఒక మాట చెప్పడానికి వీధిలోకెళ్లి ముందు తలుపు కొట్టినట్టు. అథ్లాన్‌లో ఆ మాట ఇంట్లోనే అయిపోయేది. కోర్ల అంకె ఒకటే అయినా చాలా పనుల్లో అథ్లానే గెలిచింది. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డుయోలోనూ ఉన్నవి రెండు కోర్లే, గడియారం వేగం చూస్తే పెంటియమ్ 4 కన్నా వెనకే. అయినా ఒక్కో టిక్కుకు చేసే పని బాగా పెరిగింది, రెండు కోర్లకూ ఉమ్మడిగా 4 ఎంబీ క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ, వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ ఈ6600, అంతకంటే ఎంతో ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న తన అన్నలను ఇంటికి పంపేసింది.

జిగురు గొడవ

ఆ దెబ్బకు ఏఎండీ అభిమానులు 2007 అంతా ఒకే చిప్ కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. నాలుగు కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద ఉండే 'అసలు సిసలు' క్వాడ్ కోర్ అది. అప్పటికే ఇంటెల్ రెండు డ్యూయల్ కోర్ ముక్కలను ఒకే ప్యాకేజీలో పక్కపక్కన పెట్టి కోర్ 2 క్వాడ్ అమ్ముతోంది. అది రెండు ముక్కలు అతికించిన సరుకని, తమది పుట్టుకతోనే నాలుగని ఏఎండీ ప్రచారం చేసుకుంది. ఇంజనీరింగ్ లెక్కన ఆ మాట తప్పు కాదు.

సెప్టెంబరులో సర్వర్ వెర్షన్ బార్సిలోనా వచ్చింది. నవంబరు 19న డెస్క్‌టాప్ ఫెనామ్ వచ్చింది, 2.2, 2.3 గిగాహెర్ట్జ్ వేగాలతో. అంతకంటే పైకి పోలేకపోయారు. పైగా మెమరీ చిరునామాలను గుర్తుపెట్టుకునే టీఎల్‌బీ అనే భాగంలో, మూడో స్థాయి క్యాష్‌తో ముడిపడిన ఒక తప్పు బయటపడింది. మామూలు వాడకంలో అరుదుగానే తగులుతుంది, తగిలితే మాత్రం సిస్టమ్ హ్యాంగ్. బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్ బయోస్‌ను అప్‌డేట్ చేసి దాన్ని కప్పెట్టొచ్చు గానీ వేగం పది శాతం దాకా, కొన్ని పనుల్లో ఇంకా ఎక్కువే పడిపోయేది. కొత్త ప్రాసెసర్ కొన్నవాడికి రెండే దారులు. తప్పుతో బతకడమో, వేగం వదులుకోవడమో! సరిచేసిన బీ3 చిప్‌లు 2008 మార్చికి గానీ రాలేదు. ఈలోపు ఆ 'అతికించిన' క్యూ6600 లక్షల ఇళ్లలో కుదురుకుంది.

ఈ కథ అక్కడ ఆగి ఉంటే ఇంత ముచ్చట ఉండేది కాదు. పదేళ్ల తర్వాత, 2017లో, ఏఎండీయే తన ఎపిక్ సర్వర్ చిప్‌లో నాలుగు ముక్కలు కలిపింది. అప్పుడు ఇంటెల్ తన స్లైడ్‌లో రాసిన ఎత్తిపొడుపు ఏమిటంటే, 'జిగురుతో అంటించిన నాలుగు డెస్క్‌టాప్ ముక్కలు' అని. ఇంకొన్నేళ్లకు ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లే టైల్స్ పేరుతో ముక్కలయ్యాయి. రాబోయే 52 కోర్ల ముచ్చట నిజమైతే అదీ ముక్కలు కలిపి చేసేదే. చిన్న ముక్కల్లో చెడిపోయేవి తక్కువ, ఒకటి చెడినా పెద్ద నష్టం లేదు, అన్నిటినీ ఖరీదైన కొత్త పద్ధతిలోనే చేయనక్కర్లేదు. అందుకే ఏఎండీ 2019 నాటి తన డెస్క్‌టాప్ చిప్ రైజెన్‌లో కోర్ల ముక్క 7 నానోమీటర్లలో, మిగతా సరంజామా ఉన్న ముక్క పాత 12 నానోమీటర్లలో చేశారు. డెస్క్‌టాప్‌లోకి 16 కోర్లు 749 డాలర్లకు రాగలిగింది ఆ పొదుపు వల్లే. జిగురు తప్పేమీ కాదని అలా తేలింది.

2011 అక్టోబరు నాటి బుల్డోజర్ కథ మాత్రం కాస్త విషాదం. ఎఫ్‌ఎక్స్ 8150 డబ్బా మీద 8 కోర్లని రాశారు. లోపల నాలుగు మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్‌లో అన్నదమ్ముల్లాంటి రెండు కోర్లకు ఒకే దశాంశాల లెక్కల యూనిట్, ఆదేశాలు అందుకునే ఒకే ముంగిలి. చాలా పరీక్షల్లో ఇంటెల్ నాలుగు కోర్ల ఐ5 2500కే చేతిలో ఓడింది. కొన్నిట్లో ఏఎండీ సొంత పాత ఆరు కోర్ల ఫెనామ్ 2 కంటే కూడా వెనకబడింది. కోర్ అంటే ఏమిటన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2019లో 1.21 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

బుల్డోజర్ బోల్తా పడటంతో పోటీ లేకుండా పోయింది. క్యూ6600 నాలుగు కోర్లతో వచ్చింది 2007 జనవరిలో. 2017 జనవరిలో వచ్చిన ఐ7 7700కేలో ఉన్నవీ నాలుగే. పదేళ్లు! ఒక్కో కోర్ వేగం పెరిగింది, నిజమే. కానీ ఆ పదేళ్లలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కూడా జనం దగ్గర నాలుగే ఉన్నాయని నాలుగుకు తగ్గట్టే రాశారు. గేమ్‌లకు నాలుగు చాలన్న మాట సలహాగా పుట్టి చివరికి అలవాటైపోయింది.

అందుకే 2017 మార్చి 2న రైజెన్ 7 1800ఎక్స్ 8 కోర్లతో 499 డాలర్లకు వచ్చినప్పుడు అంత సంబరం. ఇంటెల్ 8 కోర్ల చిప్ ధర అప్పటికి వెయ్యి డాలర్లు పైమాటే. అయితే రైజెన్ గెలిచింది 8 అనే అంకెతో అనుకుంటే పొరపాటు. ఎనిమిది అని రాసి ఉన్న డబ్బా బుల్డోజర్‌ది కూడా. ఒక్కో టిక్కుకు చేసే పనిని తన పాత కోర్ కంటే 40 శాతం పెంచుతామని ఏఎండీ ముందుగా చెప్పింది, విడుదల నాటికి 52 శాతం పెరిగిందని లెక్క చూపించింది. కొత్త కోర్ గట్టిది కాబట్టి ఎనిమిది పెట్టినా పనికొచ్చాయి. అదే ఏడాది అక్టోబరుకల్లా ఇంటెల్ కూడా ఆరు కోర్ల 8700కే తెచ్చింది. పదేళ్లు కదలని అంకె పది నెలల్లో కదిలింది.

బల్ల కింద చిల్లర్

2018 జూన్‌లో తైపే కంప్యూటెక్స్ ప్రదర్శన. ఇంటెల్ వేదిక మీద 28 కోర్ల ప్రాసెసర్, అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్‌లో. వేగం కొలిచే సినీబెంచ్ పరీక్షలో స్కోరు 7,334. హాలంతా చప్పట్లు. వేదిక మీద మాట్లాడిన ఇంటెల్ పెద్దమనిషి దాన్ని ఓవర్‌క్లాక్ చేశామని, అంటే మామూలు వేగం దాటించామని చెప్పడం మరిచిపోయాడు. తర్వాత విలేకరులు బల్ల దగ్గరికెళ్లి చూస్తే పైపులు కిందికి దిగి ఉన్నాయి. ఆ పైపుల చివర, బల్ల కింద కనబడకుండా, నీళ్లను చల్లబరిచే పారిశ్రామిక చిల్లర్ ఉంది. ఫ్రిజ్‌లో ఉండేలాంటి కంప్రెసర్ నడుస్తుంటే తప్ప ఆ చిప్ ఆ వేగంలో నిలబడలేదు. ఆర్నెల్లకు పైగా గడిచాక అదే 28 కోర్ల చిప్ 2,999 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. దాని బేస్ వేగం 3.1 గిగాహెర్ట్జ్.

ఇంటెల్ ప్రదర్శన మర్నాడే ఏఎండీ 32 కోర్ల ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ చూపించింది. దీనికి చిల్లర్ అక్కర్లేదు, గాలితోనే చల్లబడింది. కానీ ఇందులో ఇంకో తిరకాసు. నాలుగు ముక్కల్లో రెండింటికే నేరుగా మెమరీ దారి ఉంది. మిగతా రెండు ముక్కల్లోని 16 కోర్లు ఏ చిన్న డేటా కావాలన్నా పక్కవాళ్ల గుమ్మం తొక్కాలి. 3డీ రెండరింగ్‌లో పిచ్చి వేగంతో పరుగెత్తింది. విండోస్ మీద ఇంకొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం సగం ధరకొచ్చే 16 కోర్ల సోదరుడే దీనికంటే ముందున్నాడు. లినక్స్ మీద ఇదే చిప్ మెరుగ్గా నడిచింది. అంటే తప్పు సిలికాన్‌ది మాత్రమే కాదు, పని పంచే మేస్త్రీ విండోస్‌ది కూడా.

గాడిపొయ్యి దగ్గర ఎంతమంది?

పెద్ద పెళ్లి వంట చూసినవాళ్లకు మల్టీకోర్ గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. వంకాయలు తరగడానికి పదిమంది కూర్చుంటే గంట పని పది నిమిషాల్లోపే అయిపోతుంది. గుండిగలో పప్పు ఉడకడానికి మాత్రం పదిమంది చుట్టూ నిలబడినా పట్టే టైమ్ పడుతుంది. 1967లో జీన్ అమ్డాల్ చెప్పింది ఇదే, కాకపోతే గణితంలో. ఒక పనిలో పది శాతం ఎటూ చీలని భాగం ఉందనుకుందాం. 8 కోర్లు పెడితే ఆ పని 4.7 రెట్లు వేగంగా అవుతుంది. 16 పెడితే 6.4 రెట్లు. 52 పెడితే 8.5 రెట్లు. లక్ష పెట్టినా పది రెట్లు దాటదు. 16 నుంచి 52కు, అంటే కోర్లు మూడు రెట్లకు పైగా పెంచితే, దక్కింది మూడో వంతు లాభం. బ్రౌజర్, ఎక్సెల్, చాలా గేమ్‌లు, ఫొటోషాప్‌లో సగం పనులు ఈ చీలని భాగం ఎక్కువున్న జాతివి.

రెండో చిక్కు పొయ్యిది. వంటవాళ్లను ఎంతమందినైనా పిలవొచ్చు, గాడిపొయ్యి పొడవు అంతే ఉంటే ఏం లాభం? డెస్క్‌టాప్‌లో ఆ పొయ్యి మెమరీ. ఇరవై ఏళ్లుగా మామూలు బోర్డుల మీద ర్యామ్‌కు రెండే ఛానెళ్లు (డేటా దారులు). 7700కేకు ఇంటెల్ లెక్కన గరిష్ఠ మెమరీ వేగం డీడీఆర్4 2400, సెకనుకు 38.4 జీబీ. నాలుగు కోర్లకు పంచితే తలా 9.6. ఏఎండీ 16 కోర్ల 9950ఎక్స్‌కు డీడీఆర్5 5600, సెకనుకు 89.6 జీబీ, తలా 5.6. కొత్త చిప్‌తో ర్యామ్ వేగం 8000కు చేరిందే అనుకుందాం, 128 జీబీ. 52 మందికి పంచితే తలా రెండున్నర కూడా రాదు. మెమరీ మొత్తం పెరుగుతోంది, విస్తరికి వచ్చే వాటా తగ్గుతోంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోనక్కర్లేదు. ఇంట్లో పీసీ మీదే ఏఐ మోడల్ నడుపుకుందామని, దానికోసమే ఎక్కువ కోర్లు కావాలని ఈమధ్య చాలామంది అనుకుంటున్నారు. 40 జీబీ మోడల్ ర్యామ్‌లో కూర్చుందంటే, మామూలు రకం మోడలైతే అది పలికే ప్రతి టోకెన్‌కూ, అంటే ప్రతి మాట ముక్కకూ, ఆ 40 జీబీ మొత్తం ఒకసారి ప్రాసెసర్‌లోకి వచ్చి వెళ్లాలి. సెకనుకు 90 జీబీ దారి మీద సెకనుకు రెండు ముక్కలకు మించి పలకలేదు. కోర్లు 16 ఉన్నా, 52 ఉన్నా ఆ రెండు రెండే.

పొయ్యి పొడవు పెంచలేనప్పుడు వంటవాడి పక్కనే సరుకులన్నీ అందేలా పెట్టుకోవడం ఇంకో ఉపాయం. అదే క్యాష్. చిప్‌లోని మూడో స్థాయి క్యాష్ నుంచి డేటా రావడానికి పది నానోసెకన్లు అటూఇటూ. ర్యామ్ దాకా వెళ్తే ఎనభై, తొంభై. 5 గిగాహెర్ట్జ్ కోర్‌కు 80 నానోసెకన్లంటే 400 టిక్కులు చేతులు కట్టుకుని కూర్చోవడం. ఏఎండీ 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ పేరుతో 8 కోర్ల చిప్ నెత్తిన అదనపు క్యాష్ పేర్చి మొత్తం 96 ఎంబీ చేసింది. గడియారం వేగం కాస్త తగ్గించాల్సి వచ్చింది కూడా. గేమ్‌ల్లో అది తన తరాన్నే కాదు, తర్వాతి తరంలో కొందర్ని కూడా వెనక్కి నెట్టింది.

2024 శరదృతువు అయితే ఈ వ్యాసం కోసమే జరిగినట్టుంది. అక్టోబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే వచ్చింది, 24 కోర్లతో. గేమ్‌ల్లో తన సొంత పాత 14900కేను కూడా చాలాచోట్ల దాటలేకపోయింది. రెండు వారాలకు నవంబరు 7న ఏఎండీ 9800ఎక్స్3డీ వచ్చింది, 8 కోర్లే, 96 ఎంబీ క్యాష్. గేమర్లు దాని కోసం క్యూ కట్టారు, వారాల తరబడి స్టాక్ దొరకలేదు. 24 మీద 8 గెలిచింది. ఇప్పటి పుకార్లలోనూ చెవి ఒగ్గాల్సింది 52 మీద కాదు. అదే నోవా లేక్‌లో కొన్ని మోడళ్లకు 144 ఎంబీ పెద్ద క్యాష్ ఉంటుందట. ఈ 'అట' నిజమైతేనే గేమర్ జేబుకు పని.

ఇంకో మాట. ఆ 52 కూడా ఒకే రకం కోర్లు కావు. పుకారు ప్రకారమే 16 పెద్దవి, 32 చిన్నవి, 4 బాగా చిన్నవి. ఈ పెద్దా చిన్నా పద్ధతిని ఇంటెల్ 2021 నవంబరులో ఆల్డర్ లేక్‌తో డెస్క్‌టాప్‌కు తెచ్చింది. ఏ పని ఎవరికివ్వాలో విండోస్‌కు సైగ చేయడానికి చిప్‌లోనే థ్రెడ్ డైరెక్టర్ అని ఒకటి పెట్టారు. మొదట్లో కొన్ని గేమ్‌ల కాపీ రక్షణ సాఫ్ట్‌వేర్ ఈ చిన్న కోర్లను చూసి ఇదేదో ఇంకో కంప్యూటర్ అనుకుని గేమ్‌ను ఆపేసింది! అవి సర్దుకున్నాయి. ఆలోచన చెడ్డదేమీ కాదు. పెద్ద కోర్ ఒకటి పట్టే చోటులో చిన్నవి కొన్ని పడతాయి, రెండరింగ్ లాంటి పనులకు అవే లాభం. కాకపోతే 52 అని చదివి 52 మంది పహిల్వాన్లను ఊహించుకోవద్దు.

కరెంటు లెక్క మన వాతావరణంలో ఇంకాస్త బరువు. 14900కే పూర్తి దమ్ము మీద 253 వాట్లు తీసుకునేలా నిర్ణయించారు. చలిదేశంలో 20 డిగ్రీల గదిలో కూర్చుని రివ్యూ చేసేవాళ్లకు కనిపించే ఉష్ణోగ్రత వేరు, మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గదిలో అదే కూలర్ చూపించేది వేరు. ఇళ్లలో వాడే మామూలు కూలర్ ఏదైనా గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. గది 40 దగ్గర ఉంటే ఆ 20 డిగ్రీల తేడా నేరుగా చిప్ నెత్తిన పడుతుంది, చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంకెల పోటీలో కరెంటును ఎంత గట్టిగా తోస్తే ఏమవుతుందో 13, 14 తరాల ఇంటెల్ చిప్‌లు చూపించాయి. అవసరానికి మించిన వోల్టేజీతో కొన్ని చిప్‌లు మెల్లగా పాడై, గేమ్‌లు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది.

ఇంతా చదివి ఎక్కువ కోర్లు దండగ అనుకుంటే అదీ తప్పే. హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్ పని చేసేవాళ్లను అడిగితే చెబుతారు. ఒక ఫ్రేమ్‌ను చిన్న చిన్న గళ్లుగా కోసి ఒక్కో గడి ఒక్కో కోర్‌కు పంచొచ్చు, ఒకరితో ఒకరికి మాట అక్కర్లేదు. వంకాయలు తరిగే పని అది. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేయడం, అంటే రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం, అంతే, వేల ఫైళ్లు, దేనికది వేరు. ఒకే పీసీలో నాలుగైదు వర్చువల్ మెషీన్లు (ఉత్తుత్తి కంప్యూటర్లు) తెరిచి ప్రాక్టీస్ చేసే క్లౌడ్ కోర్సు కుర్రాళ్లకూ పనికొస్తాయి. ఇలాంటివాళ్లు ఆగితే నష్టపోరు. 64 కోర్ల కోసం థ్రెడ్‌రిప్పర్ కొనాలంటే ప్రాసెసర్ ఒక్కదాని విడుదల ధరే 4,999 డాలర్లు. అందులో చాలా వంతు పని మామూలు బోర్డు మీదికి దిగొస్తే వాళ్లకు పండగే.

మిగతావాళ్లకు ఆగడం కూడా ఉచితం కాదు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఊడ్చుకుపోతుంటే, మైక్రాన్ కంపెనీ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ప్రాసెసర్ ధర తగ్గుతుందని ఆగినవాడి మిగులు ర్యామ్ మింగేసింది. బోర్డు సంగతీ చూసుకోవాలి. ఏఎం5 సాకెట్‌ను (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. అంతకుముందు ఏఎం4 బోర్డు కొన్నవాళ్లు మొదటి రైజెన్ తీసి, బయోస్ అప్‌డేట్ చేసుకుని, అదే బోర్డులో 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఇంటెల్ వైపు నోవా లేక్‌కు కొత్త సాకెట్ వస్తుందన్నదే గట్టిగా వినిపిస్తున్న మాట. అంటే ఇవాళ్టి బోర్డు రేపటి చిప్‌కు పనికిరాదు.

సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్ అడిగితే చిన్న కాగితం మీద వరసగా రాసిస్తారు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్. కొనేవాళ్ల కళ్లు మొదటి గీత మీదే ఉంటాయి, ఎన్ని కోర్లు, ఏ తరం అని. బేరం కూడా అక్కడే ఆడతారు. ఆ కాగితంలో ఇప్పుడు వేలు పెట్టి అడగాల్సింది మూడో గీత గురించి, ఈ రేటు సాయంత్రం దాకా ఉంటుందా అని.